ఎస్తేరమ్మ టీచరు చూసిన ప్రూఫు

నేను ఒక ట్రెడిల్ యంత్రాన్ని. ఈ కాలం వాళ్ళకు పేరు చెప్తే తెలియదు కాబట్టి కాస్త విడమరచి చెప్పాలి. నాకు కింద ఒక పెడల్ ఉంటుంది, దాన్ని కాలితో తొక్కాలి. తొక్కితే పక్కనున్న పెద్ద చక్రం తిరుగుతుంది, చక్రం తిరిగితే నేను నోరు తెరుస్తాను. తెరిచిన నోట్లో కాయితం పెట్టి, మూసేలోగా చెయ్యి వెనక్కి తీసుకోవాలి. మళ్ళీ తెరిచేసరికి కాయితం మీద అచ్చు పడి ఉంటుంది. చెయ్యి తీసుకోవడం మరిచిపోయిన వాళ్ళూ ఉన్నారు, వాళ్ళ సంగతి వస్తుంది.

ప్రస్తుతం నా మకాం ఒక కాలేజీ మ్యూజియంలో. ఒకపక్క గాజుబీరువాలో తాటాకు పుస్తకాలు, ఇంకోపక్క గొంతు పోయిన గ్రామఫోను, మధ్యలో నేను. ఒంటికి నల్లరంగు, చక్రానికి వెండిరంగు పులిమి పెళ్ళికొడుకులా నిలబెట్టారు. నా ముందర ఇంగ్లీషులో ఒక బోర్డు కూడా పెట్టారు, ‘డు నాట్ సిట్ ఇన్ ద మెషీన్’ అని. నా మీద కూర్చోవద్దని పాపం వాళ్ళ ఉద్దేశం. రాసింది మాత్రం నా లోపల కూర్చోవద్దని. నా లోపల రోలర్లకే చోటు చాలదు, ఇక మనిషెక్కడ పడతాడు? ఇంగ్లీషు శాఖ వారంతా రోజూ ఆ బోర్డు ముందు నుంచే కాఫీకి వెళ్తారు. ఒక్కరూ ఆగి చూడరు. ఎస్తేరమ్మ టీచరు గనక ఉండి ఉంటే ఆ బోర్డు రెండో పూట చూసేది కాదు.

ఆవిడ గురించి చెప్పాలనే ఇంతసేపు నోరు విప్పాను. ముందు నా గురించి రెండు ముక్కలు చెప్పేసి అక్కడికే వస్తాను.

నేను పుట్టింది పంజాబులో ఒక ఇనుప ఫౌండ్రీలో. గూడ్సుబండెక్కి రాజమండ్రి దిగాను. నన్ను మొదట కొన్న పెద్దమనిషి వారపత్రిక పెట్టి దేశాన్ని మేలుకొలుపుతానన్నాడు. పత్రిక నిండా ఆయన పద్యాలే. దేశం మేలుకోలేదు సరిగదా, ఆయన బావమరిది కూడా చందా కట్టలేదు. రెండో యజమాని ఎన్నికల కరపత్రాలు వేసేవాడు. పొద్దున్న ఒక పార్టీని పొగుడుతూ, సాయంత్రం అదే పార్టీని తిడుతూ నాచేతే అచ్చు కొట్టించేవాడు. ఒకసారి రెండు పార్టీల కాయితాలూ కలిసిపోయి, ఆ కంగారులో నా నోట్లో వేలు పెట్టాడు. కావాలని కరవలేదు, మూసే వేళకు మూశాను. వేలికి కట్టు కట్టించుకుని వచ్చి నన్ను అమ్మేశాడు.

అలా నేను రామచంద్రపురంలో భీమేశం చేతికి వచ్చాను. భీమేశానిది చిన్న ప్రెస్సు. ముందు గదిలో నేను, వెనక గదిలో కాపురం. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ సిరా మరకల బనీనుతో ఉండేవాడు. నన్ను ‘తల్లీ’ అని పిలిచేవాడు. పొద్దున్నే నాకు నూనె పోసి దణ్ణం పెట్టుకున్నాకే తను కాఫీ తాగేవాడు. అంత మర్యాద నాకు అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు. భార్య మంగతాయారు కార్డులు లెక్కపెట్టి కట్టలు కట్టేది. వాళ్ళకు ఒక్కగానొక్క కూతురు భ్రమరాంబ.

ఆ ఊళ్ళో పెళ్ళిళ్ళ కాలం వస్తే భీమేశానికి ఊపిరాడేది కాదు. కాస్త కలిగిన వాళ్ళందరికీ కార్డు ఒకవైపు తెలుగులో, ఇంకోవైపు ఇంగ్లీషులో ఉండాలి. ఇంగ్లీషు చదివే చుట్టం ఒక్కడూ లేని ఇంట్లోనూ ఇంగ్లీషు కార్డు కావాల్సిందే. చదవడానికి కాదు, ఉండటానికి. భీమేశానికి ఇంగ్లీషు రాదు. సీసం అక్షరాలను ఆకారం చూసి ఏరుకుని, అద్దంలో కనపడ్డట్టు తిరగేసి పేర్చేవాడు. చేతికి అలవాటు తప్ప అర్థంతో పని లేదు. ఆన్, ఇన్, ఎట్, టు, విత్, ఆఫ్ లాంటి పొట్టి మాటలు ప్రతి కార్డులోనూ వస్తాయి గనక వాటిని ముందే పేర్చి, దారంతో కట్టి, ఒక పాత తమలపాకుల పెట్టెలో వేసి ఉంచుకునేవాడు. వాటికి ‘చిల్లర’ అని పేరు పెట్టాడు. ఎక్కడ ఖాళీ కనపడితే అక్కడ చేతికందిన చిల్లర వేసేసేవాడు. చిల్లరే గదా అని.

ఆ చిల్లరే ఎస్తేరమ్మ టీచరును మా గుమ్మంలోకి తెచ్చింది. ఆవిడ మిషను స్కూల్లో ఇంగ్లీషు చెప్పేది. పొట్టి మనిషి, తెల్ల ఖద్దరు చీర, చేతిలో ఎండకూ వానకూ నల్లగొడుగు. పెళ్ళి చేసుకోలేదు. స్కూలు వార్షికోత్సవం ఆహ్వానాలు మా దగ్గరే వేయించారు. మర్నాడు పొద్దున్నే ఆవిడ గొడుగు టకటకలాడిస్తూ వచ్చి, ఒక కార్డు భీమేశం మొహం ముందు పెట్టింది.

“ఏవయ్యా, కలెక్టరుగారు సభ లోపలికి వస్తారా, సభ మీదికి వస్తారా, సభ కింద నుంచి వస్తారా? నీ కార్డు చూస్తే మూడు దారులూ ఉన్నాయి!”

భీమేశం చేతులు నలుపుకున్నాడు. “చిల్లర తేడా వచ్చిందాండి? అయ్యి చిన్న మాటలు గదండి, ఎవరు చూత్తారులే అనుకున్నానండి.”

ఆవిడ ఒక్క క్షణం ఆయన్ని తేరిపార చూసింది. తిడుతుందనుకున్నాను. స్టూలు లాక్కుని కూర్చుంది. అప్పటికప్పుడు పాఠం మొదలెట్టింది. నల్లబల్ల లేదు గనక ప్రెస్సులో ఉన్నవే చూపించింది. గోడకు కొట్టిన మేకు ఒక్క చోటే ఉంటుంది, అది ఎట్. ముహూర్తం గడియ అలాంటిది. రోలరు మీద సిరా పరుచుకుని ఉంటుంది, అది ఆన్. పెళ్ళి రోజు అలాంటిది. గళ్ళపెట్టెలో అక్షరాలు లోపల ఉంటాయి, అది ఇన్. నెలా, సంవత్సరమూ అలాంటివి. భీమేశం నోరు తెరుచుకుని విన్నాడు. నేను మూసుకుని విన్నాను.

ఆ రోజు నుంచి ఇంగ్లీషు ప్రూఫు, అంటే అచ్చుకు ముందు తీసే నమూనా కాయితం, ఏదైనా సరే ఆవిడ చూడాల్సిందే. స్కూలు వదలగానే ఇటు వచ్చి కూర్చునేది. ఎర్రసిరా కలం తీసి, చిల్లర ఒక్కొక్కటీ తట్టి చూసి, చెల్లనిది కొట్టేసేది. భీమేశం ఊరుకునే రకం కాదు, ప్రతిదానికీ వాదన.

“టీచరుగారూ, మన బాసలో లో, కి, తో అన్నీ మాట ఎనకాల బుద్ధిగా నడుత్తాయి గదండి. ఈటికేటండీ ఈ ముందుకి పరిగెట్టడం?”

“వాళ్ళింట్లో నౌకర్లు ముందు నడుస్తారు. మనింట్లో వెనక నడుస్తారు. పని ఒక్కటే.”

“పోనీ ఒక్కోదానికి ఒక్కోటెందుకండీ? బయానికి ఆఫ్ అంటారు, కోపానికి విత్ అంటారు. ఓ లెక్కుండద్దా?”

“నీ తెలుక్కి ఉందా లెక్క? నాకు నీ మీద కోపం అంటాం. కోపం నీ నెత్తిన కూర్చుందా? జాలీ నీ మీదే, ఆశా నీ మీదే, ప్రేమా నీ మీదే. భయం మాత్రం నువ్వంటే భయం. స్నేహం మాత్రం నీతో. ఎవరు పెట్టారయ్యా ఈ లెక్కలన్నీ? తాతల నుంచి అలా అంటున్నారు, మనమూ అంటున్నాం. వాళ్ళదీ అంతే. కలిసి తిరిగి అలవాటు చేసుకోవాలి, అడిగితే అవి చెప్పవు.”

మంగతాయారు లోపలి నుంచి నవ్వుతూ కాఫీ తెచ్చేది. ఇలా ఏళ్ళు గడిచాయి. నాకు ఇంగ్లీషు వచ్చిందంటే ఆవిడ దిద్దుళ్ళ వల్లే. ఊళ్ళో పెద్దవాళ్ళు కార్డు ఇచ్చేటప్పుడు, “ఎస్తేరమ్మ టీచరు చూసిన ప్రూఫేనా?” అని అడగడం ఒక ఆచారమైపోయింది. భీమేశం ఛాతీ పొంగించుకుని “ఆయ్! టీచరుగారు చూడంది నేనచ్చెయ్యనండి” అనేవాడు. ఆ మాట మీద చుట్టుపక్కల ఊళ్ళ పని కూడా మాకే వచ్చేది. తన పెళ్ళి కార్డు ఒక్కటీ చూసుకోని మనిషి ఊరందరి పెళ్ళి కార్డులూ అంత శ్రద్ధగా చూడటం నాకు వింతగానూ ఉండేది, ఎందుకో ముద్దుగానూ ఉండేది.

అంతా బాగానే ఉండగా రైసుమిల్లు పట్టాభిగారి అమ్మాయి పెళ్ళి వచ్చింది. కాబోయే అల్లుడు చంద్రమౌళి కాకినాడలో వకీలు. ఇంగ్లీషు కార్డు తనే స్వయంగా రాసి పంపాడు. ఎస్తేరమ్మ టీచరుకు వకీలైనా ఒకటే, ఒకటో తరగతి పిల్లాడైనా ఒకటే. ‘మ్యారీడ్ విత్’ అని ఉన్నచోట విత్ కొట్టేసి టు పెట్టింది. సాయంత్రం ఆవిడ వెళ్ళాక పట్టాభిగారు కారు దిగి ప్రూఫు చూశారు.

“ఇదేటోయ్ భీమేశం? మా అమ్మాయికి ఆ అబ్బాయితో పెళ్ళి. తో అంటే విత్తే గదా? టు అంటే కి. ఆ అబ్బాయికి పెళ్ళి, మా అమ్మాయి చుట్టపుచూపుగా ఎల్తాందా?”

“టీచరుగారు అలాగే రాయాలన్నారండి...”

“కోర్టులో వాదించే మనిషి రాసింది పంతులమ్మ దిద్దడమేటయ్యా? అల్లుడు చూసేడంటే నా పరువేం కాను? ఉన్నదున్నట్టు ఎయ్యి. లేపోతే మిల్లు పనంతా కాకినాడ తీసుకుపోతాను.”

మిల్లు బిల్లు పుస్తకాలూ, బస్తాల మీద అంటించే చీటీలూ అన్నీ మా దగ్గరే వేయించేవారు. ప్రెస్సు తిండిలో సగం అదే. భీమేశం తమలపాకుల పెట్టె తెరిచి టు తీసేసి విత్ పెట్టాడు. టీచరుకు చెప్పలేదు. చెబుదామని ఒకటి రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. ఎలా చెప్పాలో తెలియక కార్డులు అచ్చేసి పంపేశాడు. తప్పని తెలిసీ కొరకడం నాకు కొత్త కాదు గానీ, ఆ వేళ మాత్రం విత్ నా పంటికి రాయిలా తగిలింది.

పట్టాభిగారి కార్డు స్కూలుకూ వెళ్ళింది. టీచర్ల గదిలో ఎవరో నవ్వుతూ, “ఇది మీరు చూసిన ప్రూఫే కదండీ?” అన్నారట. మర్నాడు ఎస్తేరమ్మ టీచరు వచ్చింది. గొడుగు చప్పుడు లేదు. స్టూలు మీద కూర్చోలేదు.

“చూశానన్న పేరు నాది. మార్చింది నువ్వు.”

“టీచరుగారూ, పెద్దోళ్ళండి. కాదనలేపోయేనండి.”

“కాదనమనలేదయ్యా. ఈ ఒక్క కార్డు మీరు చూడలేదనుకోండి అని నాతో ఒక్క మాట చెప్పాల్సింది. నాకున్నదేవిటి చెప్పు. ఇల్లుందా? పొలముందా? పిల్లలున్నారా? ఈ ఊళ్ళో నాకున్నది పేరొక్కటే. దాన్ని తీసికెళ్ళి మిల్లు గుమ్మంలో పెట్టొచ్చావు.”

ఆవిడ కలం సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా వీధిలోంచే రావడం మానేసింది. చెరువు గట్టు చుట్టూ తిరిగి వెళ్తోందని మంగతాయారు చెప్పింది.

భీమేశం మనసు ఎంత చిన్నబోయిందో నాకు తెలుసు. మనిషి బరువు పెడల్ మీద తెలిసిపోతుంది. అంతకు ముందు పాట పాడుతూ తొక్కేవాడు, ఇప్పుడు మూలుగుతూ తొక్కుతున్నాడు. ఇంగ్లీషు కార్డు ఎవరైనా తెస్తే “మా దగ్గర అవ్వదండి” అనేవాడు. ఊళ్ళో ఇంగ్లీషు పనంతా కాకినాడ దారి పట్టింది. మిల్లు పని నిలబెట్టుకుందామని టీచరును పోగొట్టుకున్నాడు. చిత్రమేమంటే, పెళ్ళయ్యాక పట్టాభిగారు మిల్లు పని కూడా అల్లుడికి తెలిసినవాళ్ళ ప్రెస్సుకు మార్చేశారు.

ఇలా ఉండగా భ్రమరాంబకు సంబంధం కుదిరింది. అబ్బాయి వాళ్ళది భిలాయి, ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం. అక్కడి ఇరుగుపొరుగులకు తెలుగు రాదు గనక కార్డు ఒకవైపు ఇంగ్లీషులో ఉండాలని వియ్యంకులు మరీ మరీ రాశారు. భ్రమరాంబ చదివింది తెలుగు పండితశిక్షణ. గణాలూ యతులూ అడిగితే గడగడా చెప్తుంది, ఇంగ్లీషు అంటే ఆమడ దూరం పరిగెడుతుంది.

“ఎల్లి టీచరుగారి కాళ్ళట్టుకోవచ్చు గదండీ” అంది మంగతాయారు.

“ఏ మొకం పెట్టుకుని ఎల్లనే? ఊరందరి కార్డులకీ టీచరుగారు కావాలి, నా కూతురి కార్డుకీ ఆరే కావాలి. అవసరమొచ్చింది గనక వచ్చేడంటారు.”

“మరి కాకినాడ పంపండి.”

ఆ మాటకు భీమేశానికి రోషం వచ్చింది. “ప్రెస్సున్నోడి కూతురి కార్డు పరాయి ప్రెస్సులో కొట్టించాలా? నేనే ఎయ్యగలను!”

కూర్చున్నాడు. పెద్ద మాటలన్నీ పాత కార్డులు చూసి ఎక్కించుకున్నాడు. చిల్లర దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. రోజుకు ఆన్, గడియకు ఎట్, నెలకు ఇన్ అని పైకే అనుకుంటూ వేశాడు, అవి కుదిరాయి. మిగతావి ఉన్నాయి. తెలుగులో చెప్పుకుని చూశాడు. పెళ్ళికి రండి, అబ్బాయికి ఇస్తున్నాం, మా ఇంటికి రండి. అన్నీ ‘కి’లే. కి అంటే టు అని పట్టాభిగారు చెప్పనే చెప్పారు. పైగా తాను టీచరుకు అన్యాయం చేసింది టు దగ్గరే. తీసేసిన ఆ ఒక్క టుకు బదులు ఇప్పుడు మూడు వేస్తే పాపం పోతుందనుకున్నాడో ఏమో, మూడు చోట్లా వరసగా టు పెట్టేశాడు. అబ్బాయి దగ్గరది సరిపోయింది. మిగతా రెండూ చెల్లనివి. నాకు తెలుస్తూనే ఉంది. ఆ పూట మొరాయించేద్దామా అనుకున్నాను. పెడల్ మీద కాలు పెట్టి, “ఇయ్యాల అల్లరి చెయ్యకే తల్లీ, నీ పిల్ల పెళ్ళి” అన్నాడు. నా పిల్ల అన్నాక ఏం మొరాయిస్తాను? నోరారా అచ్చేశాను.

సిరా ఆరగానే పేటలో ముత్తయిదువలు వచ్చి కార్డుల నాలుగు మూలలా పసుపు పెట్టారు. పసుపు పెట్టకముందు అది కాయితం. పెట్టాక శుభలేఖ. దాని మీద ఇక కలం గీత పడకూడదు, కొట్టివేత ఉండకూడదు, చించకూడదు, మళ్ళీ వేయకూడదు. మొదటి కార్డు దేవుడి దగ్గర పెట్టారు. రెండోది ఎవరికని మంగతాయారు అడిగితే, భీమేశం లేచి చొక్కా వేసుకున్నాడు. అవసరానికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు గానీ పెళ్ళికి పిలవడానికి వెళ్ళకపోతే మనిషి పుట్టుక కాదన్నాడు. దంపతులిద్దరూ వెళ్ళారు. టీచరు బొట్టు పెట్టుకోదు గనక బొట్టుకు బదులు దోసిట్లో పెట్టడానికి మల్లెపూలు పట్టుకెళ్ళారు.

తిరిగొచ్చాక భీమేశం నన్ను కాయితం లేకుండానే గిరగిరా తిప్పేశాడు. “ఒక్క తప్పు కూడా లేదన్నారే తల్లీ! బేమేశం, బాగుందయ్యా, తప్పకండా వత్తానన్నారు!”

మంగతాయారు కార్డులు సర్దుకుంటూ, “కార్డు చూడగానే ఎందుకో ఎర్రకలం తీసేరండి. పసుపు కేసి చూసి మళ్ళీ సంచీలో పెట్టేసుకున్నారు. బంగారమంటి మనిషి” అంది. ఆమెకు అందులో వింతేమీ కనపడలేదు. భీమేశం వినిపించుకోనేలేదు. నాకు మాత్రం రోలర్లు కరిగిపోయినట్టయింది. పుట్టి బుద్ధెరిగాక ఒక తప్పును ఒప్పని అనని మనిషి ఆవిడ.

పందిరి ప్రెస్సు వాకిట్లోనే వేశారు. కిటికీలోంచి నాకంతా కనపడుతోంది. నా చక్రానికి కూడా మామిడాకుల తోరణం కట్టారు. ముహూర్తం దాటింది, భోజనాలయ్యాయి. ఎస్తేరమ్మ టీచరు ముందు వరసలో, భిలాయి ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉంది. పట్టాభిగారు అల్లుణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. భీమేశం తాంబూలం పళ్ళెం పట్టుకుని ఎదురెళ్ళాడు. చంద్రమౌళి కిళ్ళీ నములుతూ జేబులోంచి భ్రమరాంబ పెళ్ళి కార్డు తీశాడు.

“టీచరుగారూ, మిమ్మల్నే. నా కార్డులో మాట దిద్దారని మా మావగారు అప్పుడు చెప్పారండి. మరి ఇదేంటి? అటెండ్ టు ద మ్యారేజ్. ఎట్ ఉండాల్సిన చోట టు అవర్ రెసిడెన్స్. నా ఒక్క మాట పట్టుకున్న కళ్ళు ఈ రెండూ వదిలేశాయా? లేక ఈ ప్రూఫు మీరు చూడలేదా?”

పందిట్లో అందరూ అటు తిరిగారు. తప్పులున్నాయని భీమేశానికి తెలిసింది అప్పుడే. ఒక్క తప్పూ లేదని ఆవిడ అన్నది ఎందుకో కూడా ఆ క్షణానే తెలిసి ఉంటుంది. చూడలేదు అంటే ఆవిడకు సరిపోతుంది. అది నిజం కూడా. అలా అంటే వియ్యాలవారి ముందు, కూతురి పెళ్ళి పందిట్లో, భీమేశం తెలివితక్కువ మనిషిగా నిలబడాలి. అప్పుడు చెప్పకుండా మార్చినవాడు ఇప్పుడు చూపించకుండానే వేశాడని ఊరంతా అనుకుంటుంది.

“కాదండీ, ఆ ప్రూఫు టీచరుగారు...” అని భీమేశం నోరు విప్పబోయాడు.

“భీమేశం, అవతల వియ్యపురాలు పిలుస్తోంది చూడు” అని ఎస్తేరమ్మ టీచరు అడ్డుపడింది. తర్వాత వకీలు వైపు తిరిగి, అందరికీ వినపడేలా చెప్పింది. “చూశానండి. నేనే చూశాను. వయసు మీద పడింది, చూపు ఆనడం లేదు. ఆయన పాపం నేను చెప్పినట్టే వేశాడు. తప్పు నాది.”

“పోన్లెండి, వయసు ఎవర్నీ వదలదు గదా” అన్నారు పట్టాభిగారు పెద్దమనసుతో. వకీలు కార్డు మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెనక వరసలో ఎవరో, “అయితే ఇంక టీచరుగారి చేత చూపించి లాభం లేదన్నమాట” అనడం నాకు స్పష్టంగా వినిపించింది. ఆవిడకూ వినిపించే ఉంటుంది. చేతిలో మల్లెచెండు వాసన చూస్తూ పెళ్ళికూతురి వైపు తిరిగి కూర్చుంది.

భీమేశం పళ్ళెం ఎవరికో ఇచ్చేసి ప్రెస్సు గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. నా చక్రానికి నుదురు ఆనించి ఏడ్చాడు. నా మీద ఇంత నూనె పడింది గానీ కన్నీళ్ళు పడటం అదే మొదటిసారి. ఇద్దరు ముగ్గురు తలుపు తోసి చూసి, “ఊరుకోండి బావగారూ, ఆడపిల్లన్నాక ఎల్లక తప్పదు” అని భుజం తట్టి వెళ్ళారు. పెళ్ళికూతురి తండ్రి ఏడిస్తే కారణం ఎవరూ అడగరు.

పిల్లను భిలాయి రైలెక్కించి వచ్చిన తర్వాత ఇల్లు బావురుమంది. ఆ సోమవారం స్కూలు వదిలే వేళకు వీధిలో గొడుగు టకటకలు వినిపించాయి. నాకు ముందు తెలిసింది, ఆయనకు తర్వాత తెలిసింది. ఎస్తేరమ్మ టీచరు తిన్నగా లోపలికొచ్చి స్టూలు లాక్కుంది. భీమేశం గబగబా బనీను మీద తువ్వాలు కప్పుకున్నాడు.

“ఎందుకలా అన్నారండీ? ఉన్న పేరొక్కటీ నా కోసం పందిట్లో పారేసుకున్నారు గదండీ.”

“పేరుదేవుందయ్యా, మళ్ళీ సంపాదించుకుంటాను. నువ్వు పని ఇవ్వాలి, అంతే. ప్రూఫులు తే.”

భీమేశం అటూ ఇటూ చూశాడు. మొహం సిగ్గుతో ముడుచుకుపోయింది. “ఇంగ్లీషు పనేటీ లేదండీ టీచరుగారూ. మీరు రావడం మానేసేక అన్నీ కాకినాడ పోయేయండి. ఒక్క కార్డు లేదండి.”

“అయితే తెలుగుదే ఏదో ఒకటి తే. కూర్చుంటాను.”

బల్ల మీద ఉన్నది ఒక్కటే, కొత్తగా తెరవబోయే పచారీ కొట్టు కరపత్రం. భీమేశం దాన్ని రెండు చేతులా పట్టుకుని ఆవిడకు అందించాడు. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుంది. ఉన్నవి నాలుగే నాలుగు వాక్యాలు, దిద్దడానికి ఏమీ లేదు. అయినా దీపాలు పెట్టే వేళ దాకా చదివింది.